మిర్చి సేటు పడవ బేరం

సముద్రం లేని ఊరికే పడవ కావాలి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, మధ్యలో రెండు చాయలు తాగి మరీ అంటున్నాను.

సముద్రం పక్కన ఉండేవాడికి పడవ ఎందుకు? చేపలు పట్టడానికి. అంటే పని కోసం. పని కోసం కొన్న వస్తువుకు పరువేముంటుంది? ట్రాక్టర్ కొన్నవాణ్ని చూసి ఎవరన్నా కుర్చీలోంచి లేచారా? అదే మన వరంగల్ మనిషి, ఒక పూటంతా బస్సులో కూర్చుంటే తప్ప ఉప్పునీళ్లు కంటపడని మనిషి, లగ్జరీ ఎక్స్‌ప్రెస్ మోటార్ యాట్ కొన్నాడనుకోండి. అదీ హోదా అంటే!

కాబట్టి పాండురంగం సేటు పడవ మీద మనసు పడటం మన జిల్లాకే మేలు అని నా వాదన. వాదన తేలుతుందో మునుగుతుందో చివర మీరే చెప్పండి.

పాండురంగం సేటు మిర్చి వ్యాపారి. రైతులు మార్కెట్ యార్డులో బస్తాలు దింపుకుని ఎదురుచూస్తుంటే, ఆయన వచ్చి ఒక బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, వాసన చూసి, చేదు మాత్ర మింగినట్టు ముఖం పెట్టి, తనే ధర చెబుతాడు. ఆ చెప్పిన ధరలోంచి తేమ ఉందని కొంత, రంగు పోయిన కాయ కలిసిందని కొంత కోస్తాడు. శాంపిల్‌కని తీసిన గుప్పెళ్లు మళ్లీ బస్తాలోకి పోవు. "బాగుంది" అనే మాట ఆయన నోటి నుంచి విన్నవాళ్లు లేరు. పెళ్లిచూపుల్లో కూడా "సూద్దాం" అని లేచి వచ్చాడని ఆయన భార్య సుగుణమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెప్పుకుంటుంది.

అలాంటి సేటు, గద్దె మీద కూర్చుని ఫోన్‌లో పడవ వీడియో చూశాడు. తెల్లటి పడవ. లోపల మూడు బెడ్‌రూములు. అన్నింటికీ ఏసీ. వెనక భాగాన ఈత కొట్టేవాళ్లు దిగడానికి నీళ్లకు ఆనుకుని ఒక అరుగు. ధర పన్నెండు కోట్లు. ఆ ధరకు తగినదా కాదా? చేత్తో పట్టి చూస్తే గాని చెప్పలేని ప్రశ్న ఇది. ముంబై పోయి చూసి రావాలి.

కానీ బేరానికి ఒంటరిగా ఎవరు పోతారు? మనవాళ్లు చీర కొనడానికి పోయినా వెంట ఇంకో మనిషి ఉంటుంది. కొనే మనిషి చీర చూస్తుంది. రెండో మనిషి ముఖం విరుస్తుంది. ధర చెప్పగానే "పోదాం పా, వేరే దగ్గర సూద్దాం" అని చెయ్యి పట్టి గుంజుతుంది. ఆ రెండో మనిషి లేనిదే వరంగల్‌లో ఇంతవరకు ఒక స్టీలు గిన్నె కూడా సరైన ధరకు చేతులు మారలేదు. పన్నెండు కోట్ల పడవ మారుతుందా?

సేటు బాగా వెతికి యాకయ్యను పట్టాడు. యాకయ్యది హసన్‌పర్తి అవతల ఊరు. ఆ వారమే మిర్చి బస్తాలు తెచ్చి యార్డులో పెట్టుకున్నాడు, ధర ఇంకా తేలలేదు. సేటుకు నచ్చింది ఆయన ముఖం. ఏళ్ల తరబడి సేటు చెప్పే ధరలు వినీ వినీ, ఏ ధర విన్నా దానంతటదే విరిగిపోయే ముఖం అది. డబ్బు పెట్టి కొందామన్నా దొరకదు. సేటు స్వయంగా పండించుకున్న పంట.

"రెండు రోజులు నాతోని బొంబాయి రా యాకయ్యా. పనేం లేదు. వాడు ధర చెప్పంగనే ముఖం ఇట్లనే పెట్టు. 'పోదాం పా సేటూ' అను. అంతే."

"మరి నా మిర్చి?"

"ఒచ్చినంక నీ బస్తాలకు యార్డుల అందరికన్న మీది ధర. కోత లేదు. మాటిస్తాన."

కోత లేని ధర! యాకయ్య బోరు మోటారు కాలిపోయి నెల దాటింది. ఈ మిర్చి మంచి ధరకు పోతే కొత్త మోటారు. కొత్త మోటారు ఉంటేనే వచ్చే పంటకు నీళ్లు. దాని కోసం ముంబై ఏమిటి, చంద్రమండలం పోయి కూడా ముఖం విరిచి వచ్చేవాడు.

భార్య బక్కమ్మ గొడుగు పట్టుకుని బస్తాల మీద కాపలా కూర్చుంది.

"ఈత రానోనికి పడవ బేరమేందయ్యా?"

"ఈదుడు కాదే. ముఖం పెట్టుడే."

"గది నీకు ఒస్తది పో," అంది బక్కమ్మ.

ముంబైలో పడవ అమ్మే మనిషి మెడకు టై కట్టుకుని, నవ్వు కూడా కట్టుకుని ఎదురొచ్చాడు. చెప్పులు విప్పి ఎక్కమన్నాడు. గుడిలో తప్ప ఎక్కడా చెప్పులు విప్పని సేటు విప్పాడు. లోపల యాకయ్య ఏసీ గాలికి వణుకుతూ సోఫా అంచు మీద కూర్చున్నాడు.

"సేటూ, ఎక్స్‌ప్రెస్ అంటాండు. మరి చిన్న ఊర్లల్ల ఆగదా?"

"నువ్వు ముఖం మీద ధ్యాస పెట్టు."

సేటు పని మొదలుపెట్టాడు. పడవ ఒంటిని గోటితో గీరాడు. వాసన చూశాడు. అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి టై సారుకు చూపించాడు. "నమీ హై. కాట్‌నా పడ్తా," అన్నాడు. తేమ ఉంది, ధర కోయాల్సి వస్తుంది అని.

"సర్, యే పానీ మే హై," అన్నాడు టై సారు, నవ్వు చెదరకుండా. ఇది ఉన్నదే నీళ్లలో కదా అని.

"కహీఁ భీ రహో. నమీ తో నమీ హై." ఎక్కడున్నా తేమ తేమే అని.

తర్వాత శాంపిల్‌కని ఒక దిండు తీసి చంకలో పెట్టుకున్నాడు. టై సారు దాన్ని మర్యాదగా తీసి మళ్లీ సోఫాలో పెట్టాడు. ఇన్నేళ్ల వ్యాపారంలో సేటు శాంపిల్ వెనక్కి పోవడం అదే మొదటిసారి. అయినా గుండె దిటవు చేసుకుని ధర అడిగాడు.

"బారా కరోడ్, సర్."

యాకయ్య ముఖం విరిచాడు. ఎంత బాగా విరిచాడంటే, టై సారు కంగారుపడి వాంతులకు వాడే కవరు, నిమ్మరసం తెప్పించాడు. యాకయ్య రెండూ పక్కన పెట్టి, చెప్పాల్సిన మాట చెప్పాడు. "పోదాం పా సేటూ, వేరే దగ్గర సూద్దాం."

సేటు చటుక్కున లేచాడు.

చిక్కు ఇక్కడే వచ్చింది. మన బేరానికి ఆయువుపట్టు దుకాణం మెట్లు దిగడం. మెల్లగా దిగాలి. రెండో మెట్టు మీద ఉండగా "ఇగో సేటూ, ఒక్క మాట" అని వెనక నుంచి పిలుపు రావాలి. కానీ సేటు గీరుతూ, వాసన చూస్తూ ఉండగానే పడవ ట్రయల్ కోసం ఒడ్డు వదిలి చాలా దూరం వచ్చేసింది. ఎటు చూసినా నీళ్లు. బేరంలో అలిగి లేచిన మనిషి మళ్లీ కూర్చోకూడదు. ఇద్దరూ విసవిసా నడిచి పడవ వెనక అరుగు దాకా పోయి, పాదాల మీద అలలు పడుతుండగా నిలబడ్డారు.

సేటు పిలుపు కోసం చెవులు రిక్కించాడు. పిలుపు రాలేదు. రెండు తెల్ల తువ్వాళ్లు, రెండు ఈత చెడ్డీలు వచ్చాయి. పెద్దమనుషులు ఈతకు దిగుతారేమోనని టై సారే స్వయంగా పట్టుకొచ్చాడు.

"ఇప్పుడేం జేద్దాం సేటూ?"

"ఆగు. తువ్వాల తెచ్చిండంటే బేరానికి ఒచ్చినట్టే."

మీలో పశువుల అంగడి చూసినవాళ్లకు ఈ మాట తెలుస్తుంది. ఎడ్ల బేరగాళ్లు ధర నోటితో చెప్పరు. పది మంది చూస్తుండగా చేతుల మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. సేటు తండ్రి ఎడ్ల బేరగాడే. సేటు ఆ తువ్వాల అందుకుని టై సారు చేతి మీద కప్పి, లోపల నాలుగు వేళ్లు గట్టిగా నొక్కాడు. నాలుగు కోట్లు అని.

టై సారు ఏ అంగడీ చూడలేదు. కొనే పెద్దమనిషి గట్టిగా చెయ్యి కలిపాడు, అంటే బేరం కుదిరింది అనుకున్నాడు. రెండో చెయ్యి కూడా కలిపి ఊపాడు. "కంగ్రాచులేషన్స్ సర్!"

ఎక్కణ్నుంచో కేకు వచ్చింది. ఎర్ర గులాబీల దండ వచ్చింది. తెల్ల బట్టల పనివాళ్లు వరుసగా నిలబడి చప్పట్లు కొట్టారు. టై సారు సేటు ఫోన్‌తోనే ఫొటో తీసి చేతికిచ్చాడు. కాదు అని చెప్పాలనే సేటు నోరు తెరిచాడు. కానీ ఫొటోలో తన వెనక అంత తెలుపు, మెడలో అంత ఎరుపు ఎప్పుడూ చూసుకోలేదు. చెయ్యి ఆగక సుగుణమ్మకు పంపాడు. సుగుణమ్మ చుట్టాల గ్రూపులో పెట్టింది. మొన్ననే ఇంట్లో లిఫ్టు పెట్టించి, ఎవరూ కంటికి ఆనకుండా తిరుగుతున్న బామ్మర్ది నుంచి "బావా, నీకు దండం" అని మెసేజ్ వచ్చింది.

ఇంకెక్కడి 'కాదు'? సేటు జీవితంలో మొదటిసారి "బాగుంది" అన్నాడు.

ఆ తర్వాత యాకయ్య చూసింది వింత. లంగరు వేరే అన్నాడు టై సారు. పడవ నిలుపుకునే జాగాకు నెలనెలా కిరాయి అన్నాడు. నడిపేవాడి జీతం అన్నాడు, టాక్స్ అన్నాడు. ప్రతిదానికీ సేటు తల ఊపాడు. యాకయ్యకు నిమ్మరసం తాగాలనిపించింది.

"సేటూ, ఈడ అమ్మెటోడే ధర చెప్తాండేంది?"

"మరి ఎవలు చెప్తరు?"

"చెప్పిందే గాక మీదికెళ్లి కలుపుతాండు."

"అది కంపెనీ యాకయ్యా. తయారు చేసిండు కద, ఎంతకు అమ్మాల్నో ఆయనకు ఎరుకుంటది."

ఒడ్డు చేరేదాకా యాకయ్య ఏవేవి 'వేరే' అన్నాడో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

చూశారా? పడవ వల్ల లాభమేమిటని అడిగేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. తయారు చేసినవాడే ధర చెబుతాడనే సంగతి మన రైతుకు ఏ మీటింగులో తెలిసింది? ఏ కాలేజీలో చెబుతారు? ఏసీలో కూర్చోబెట్టి, నిమ్మరసమిచ్చి నేర్పింది ఈ పడవ. పన్నెండు కోట్లు దండగ అనడానికి నోరెలా వస్తుంది!

మూడో రోజు పొద్దున సేటు యార్డుకు వచ్చేసరికి యాకయ్య తన బస్తాల ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జర చెప్పులు ఇడిసి రా సేటూ."

యార్డంతా ఇటు తిరిగింది.

"క్వింటాల్‌కు ఇరువై వేలు. బస్తా వేరే. సుతిలి తాడు వేరే. మొన్నటిసంది ఈడ పెట్టిన, నా ఇంటామె కావలున్నది, గా కిరాయి వేరే."

సేటు కడుపు పట్టుకుని నవ్వాడు. హమాలీలు నవ్వారు. యాకయ్య కూడా నవ్వాడు. నవ్వడం అయ్యాక సేటు బస్తా మూతి విప్పి, ఒక కాయ విరిచి, వాసన చూశాడు.

"పదహారు వేల ఒక వంద."

"పోయిన వారం అందరికి పద్దెనిమిది వేలుండె కద సేటూ."

"ఉండె. ఇయ్యాల పొద్దుగాల అందరికి పదహారు చేసిన. నేను దించంగనే పక్కోళ్లు గూడ దించిండ్రు. నీకు మాటిచ్చిన గనుక అందరికన్న ఒక వంద మీది. మాట తప్పిన్నా?"

మాట తప్పలేదు. యాకయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. ఎక్కడా తప్పలేదు.

"కోత లేదంటివి."

"ఇది కోత కాదు యాకయ్యా. ఈ ఏడు నాకు ఖర్చులు మీద పడ్డయ్. ఎంతెంత పడ్డయో ఇంకొకనికైతే చెప్పాలె. నువ్వు దగ్గరుండి సూస్తివి."

అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? యాకయ్య తల ఊపాడు. పదహారు వేల ఒక వందకు కొత్త మోటారు రాదు. పాతదానికే మళ్లీ తీగ చుట్టించాలి. అది ఎన్ని రోజులు నీళ్లు పోస్తుందో చుట్టేవాడు కూడా చెప్పడు.

బస్తాలు కాటా మీదికి పోతుంటే, గొడుగు ముడుచుకుంటూ బక్కమ్మ అడిగింది.

"పడవ ఎట్లున్నదయ్యా?"

"మంచిగున్నది. పాయిఖాన్ల గూడ ఏసీ ఉన్నది."

"పన్నెండు కోట్లకు తగిందేనా మరి?"

యాకయ్య కింద చెదిరిన కాయలు నాలుగు ఏరి ఆమె కొంగులో వేశాడు.

"మనం కొన్నంక ఇప్పుడు అడుగుతవేందే," అన్నాడు.