మామగారి అయిదు బంతులు

ఆదివారం ఉదయం హేమసుందర్ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఢిల్లీ మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కాలి, లాజ్‌పత్ నగర్‌లో మారి ఫరీదాబాద్ చేరాలి. అక్కడ రిటైర్డ్ కల్నల్ సదాశివరావు గారింట్లో ఒక ఆట ఆడి, ఆయన్ని గెలిపించాలి. ఆపైన ఆయన కూతురు హరిప్రియను పెళ్లి చేసుకోవాలి.

ఆ ఇంటి ఆచారం అలాంటిది. భార్యాభర్తలకు ఏ పెద్ద విషయంలో మాట కలవకపోయినా, కింది గదిలో ఉన్న, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట బల్ల దగ్గర తేల్చుకుంటారు. గెలిచినవాళ్ల మాట చెల్లుతుంది. ఓడినవాళ్లు మళ్లీ నోరెత్తకూడదు. ఆ ఇల్లు కొనడమూ, కుక్కను పెంచకపోవడమూ అలా తేలినవే. ఇప్పుడు పెళ్లి వంతు వచ్చింది. కుర్రాడు కల్నల్ గారికి నచ్చాడు. ఆయన భార్య కృష్ణకుమారి గారికి నచ్చలేదు. ఎందుకో ఆవిడ చెప్పలేదు. ఆట ముగ్గురాడేది కాబట్టి మూడో మనిషిగా ఆ కుర్రాడినే రమ్మన్నారు. అతను గెలిస్తే ఏమిటన్నది ఎవరూ ఆలోచించలేదు, అతనితో సహా.

దారిలో హరిప్రియ ఫోన్ చేసింది.

"పాపా గెలవాలి, సమఝే? మమ్మీ గెలిస్తే ఖతం. రూల్స్ చెప్తా, విను. ముగ్గురికీ తలా అయిదు బాల్స్..."

"క్యారమ్స్ లాంటిదేగా? కాకినాడలో మా వీధి చాంపియన్ని నేను. నువ్వేం కంగారుపడకు."

రైలు సొరంగంలోకి దూరింది. ఫోన్ తెగిపోయింది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. క్యారమ్స్‌లో ఎవరి కాయిన్లు వాళ్లు వేసుకోవాలి. పొరపాటున ఎదుటివాడి కాయిన్ వేస్తే లాభం వాడికే. ఈ ఆట దానికి పూర్తిగా తలకిందులు. స్ట్రైకర్‌లాంటి తెల్ల బంతితో కొట్టినప్పుడు ఎవరి బంతి గోతిలో పడితే వాళ్లకే నష్టం. అయిదూ పడితే ఆ మనిషి అవుట్. చివరికి బల్ల మీద ఎవరి బంతి మిగిలితే వాళ్లదే గెలుపు.

"ఒకటి నుంచి అయిదు నావి. ఆరు నుంచి పది మేడమ్‌వి. ఆపైవి నీవి. ఆట తెలుసా?" అన్నారు కల్నల్ గారు, కింది గదిలో తన కర్రకు సుద్ద రాస్తూ.

"తెలుసంకుల్."

తెలుసన్నవాడికి మళ్లీ చెప్పడం కల్నల్ గారికి అలవాటు లేదు. ఆట మొదలుపెట్టి, భార్య బంతులు రెండు పడగొట్టారు. పెళ్లాం బంతులు తనే వేసిపెడుతున్న ఆ పెద్దమనిషిని చూసి హేమసుందర్‌కు ముచ్చటేసింది. తర్వాత కృష్ణకుమారి గారు భర్త బంతి ఒకటి పడగొట్టారు. ఎంత అన్యోన్యమైన దంపతులు! ఇంత మర్యాదస్తుల ఇంట్లో తను మాత్రం తక్కువ తినకూడదనుకున్నాడు.

కర్ర అందుకుని, కల్నల్ గారి కళ్లలోకి చూసి నవ్వాడు.

"ఇది మీకోసం అంకుల్."

రెండో నంబరు బంతి తిన్నగా గోతిలో పడింది. కల్నల్ గారి కనుబొమలు పైకి లేచాయి.

"ఇదీ మీకే."

నాలుగో నంబరు పోయింది. ఆ వెనకే అయిదోది. కల్నల్ గారి మొహం కందగడ్డలా అయింది. పాపం, మొహమాటపడుతున్నారు అనుకున్నాడు హేమసుందర్. కృష్ణకుమారి గారు మాత్రం అతన్ని మొదటిసారి చూస్తున్నట్టు కింది నుంచి పైదాకా చూశారు. అల్లుడి వరస కలిసేలా ఉందని అతని గుండె పొంగింది. ఆ పొంగులో తర్వాతి దెబ్బ గురి తప్పింది.

కల్నల్ గారు పళ్లు బిగబట్టి భార్య బంతి ఇంకొకటి వేశారు. ఆవిడ తొణక్కుండా హేమసుందర్ బంతి ఒకటి వేశారు. అప్పుడే టీ తీసుకొచ్చిన హరిప్రియ బల్ల వంక చూసింది. తండ్రి బంతి ఒక్కటే మిగిలి ఉంది.

"పాపా బాల్స్ ఎవరు తీశారు?" అని హేమసుందర్ చెవిలో అడిగింది.

"నేనే. ఇంకొక్కటి వేస్తే ఆయన గెలిచేసినట్టే."

"పాగల్! అది పడితే ఆయన అవుట్!"

ఇప్పుడు హేమసుందర్ వంతు. ఎలాగైనా ఆ ఒక్క బంతినీ కాపాడాలి. కృష్ణకుమారి గారి బంతికి గురిపెట్టి కొట్టాడు. అది అంచుకు తగిలి, వెనక్కి తిరిగొచ్చి, కల్నల్ గారి చివరి బంతిని గోతిలోకి నెట్టింది.

కల్నల్ గారు తన కర్రను మూలన పెట్టేశారు.

"తెల్ల బాల్ గోతిలో వెయ్యి. మా ఇంట్లో అదొక్కటే ఫౌల్. అది చేస్తే పాపా బాల్ ఒకటి వెనక్కొస్తుంది," హరిప్రియ మళ్లీ గొణిగింది.

బంతి పడింది కాబట్టి ఇంకా అతని వంతే. తెల్ల బంతిని నేరుగా గోతి వైపు కొట్టాడు. కల్నల్ గారు కూడా ముందుకు వంగారు. అది గోతి అంచు దాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి ఆగిపోయింది. ఆ తర్వాత కృష్ణకుమారి గారు హేమసుందర్ బంతులన్నీ తీరిగ్గా, ఒకదాని వెనక ఒకటి గోతుల్లోకి పంపించి, కర్రను గోడకు ఆనించారు.

"గెలిచింది నేను. ఇక నా మాటే."

హరిప్రియ కళ్లు మూసుకుంది. హేమసుందర్ బూట్ల కోసం గుమ్మం వైపు చూశాడు.

"ఈ పెళ్లి జరగాలి."

"క్యా?" అన్నారు కల్నల్ గారు.

"ఈ అబ్బాయి ఎప్పుడొచ్చినా సరేనంకుల్, అవునంకుల్ తప్ప ఇంకో ముక్క లేదు. ఇంట్లో మీకు తలాడించేవాడు ఇంకొకడెందుకని వద్దన్నాను. ఇవాళ చూశారా? మీ ఎదుటే నిలబడి, నవ్వుతూ, మీకోసం అని చెప్పి మరీ మీ బంతులు ఏరి ఏరి పడగొట్టాడు! నాక్కావలసిన అల్లుడు వీడేనండీ." ఆవిడ అతని వైపు తిరిగారు. "కావాలనే వేశావు కదా, బాబూ?"

నిజం చెబితే పెళ్లి పోతుంది. అబద్ధం చెబితే మామగారు పోతారు. హేమసుందర్ కల్నల్ గారి మీసం వంక, తర్వాత హరిప్రియ వంక చూశాడు.

"అవునాంటీ, కావాలనే," అన్నాడు. ఒక విధంగా అది నిజమే.

కల్నల్ గారు మాట తప్పే మనిషి కాదు. పెళ్లికి ఒప్పుకుని, ఆ సాయంత్రమే పూల్ బల్ల అమ్మకానికి పెట్టారు.