ఉపమంత్రిగారు నిప్పు కదిపిన ఆదివారం

ఆవుల త్రేన్పులతో భూగోళం వేడెక్కిపోతోందని, ఇకమీదట ఏ ఆవూ మోతాదు మించి త్రేన్చరాదని, త్రేన్చితే మాంసం మీద పన్ను తప్పదని పశు ఉద్గార నియంత్రణ శాఖ ఉపమంత్రి డాక్టర్ ఎచెవెర్రీ గారు మా సాన్ ఎవారిస్తో చౌరస్తాలో ప్రకటించారు. ఇంత దూరం ఆలోచించే నాయకుడు అర్జెంటీనాలో పుట్టడం మా అదృష్టం. ఆవు మీథేన్ వదులుతుంది, పన్ను మాంసం కొట్టువాడు కడతాడు, కట్టినవాడు ధర పెంచుతాడు, కొనేవాడు తినడం మానేస్తాడు. ఆవు మాత్రం నిశ్చింతగా త్రేన్చుకుంటుంది.

"అయితే మాది హృదయమున్న ప్రభుత్వం," అన్నారాయన. "మాంసం లేనిదే బతకలేని ఊళ్ళకు మినహాయింపు ఉంటుంది. ఆదివారం నేనే వచ్చి, మీరు తింటుండగా చూసి, సంతకం పెడతాను."

ఆ భారం మా నిప్పుల సంఘం మీద పడింది. ప్రతి ఆదివారం పాత రైలు షెడ్డు వెనక మాంసం కాల్చుకు తినే ఓ డజను మందిమి మేము. నా పదవి ఉల్లిపాయలు తరగడం. నిప్పు దగ్గర నిలబడే అర్హత నెమెసియోది. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క మాంసం కొట్టు కూడా అతనిదే.

"పన్ను పడితే కొట్టు మూసుకోవడమే," అన్నాడు నెమెసియో. "ఇప్పటికే జనం పక్కటెముకల ధర అడిగి, ఉత్త ఎముకలు కొనుక్కుపోతున్నారు. కుక్కకని చెప్పి."

"మా ఇంట్లో కుక్కే లేదురా," అంది హెర్మీనియా పెద్దమ్మ.

"తెలుసు పెద్దమ్మా. అందుకేగా కాస్త కండ ఉంచి కొడుతున్నా."

"ఆవుకి మీటరు బిగిస్తారటగా! ఆ మీటరేదో మా ఆయన బతికుండగా వచ్చుంటే ఎంత బాగుండేది!"

"ఆదివారం నీ పక్కటెముక ఆయన నోట్లో పడనీ నెమెసియో, సంతకం అదే పడుతుంది," అన్నాను నేను.

ఆదివారం తెల్లారకముందే నెమెసియో పక్కన దుంగలు కాల్చి, ఎర్రటి నిప్పులు కొద్దికొద్దిగా పక్కటెముకల కిందికి లాగుతూ కూర్చున్నాడు. మంట ఒక్కసారి కూడా లేవలేదు. మధ్యాహ్నానికి వాసన వీధి చివరికి పాకింది. అప్పుడు ఫొటోగ్రాఫర్‌తో సహా ఉపమంత్రిగారు దయచేశారు.

మా దగ్గర ఒకడి నిప్పు ఇంకొకడు ముట్టుకోడు, సొంత తమ్ముడైనా సరే. ముట్టుకున్నాడా, ఇక వంట వాడిదే. నిప్పు పెట్టినవాడు తిట్టడు, కొట్టడు, మర్యాదగా తప్పుకుంటాడు.

"సార్, చేతిలో ఏదైనా ఉంటే ఫొటో బాగుంటుంది," అన్నాడు ఫొటోగ్రాఫర్. ఉపమంత్రిగారు చురుకైన మనిషి. ఇనుప కడ్డీ అందుకుని నిప్పుల్ని బాగా కెలికారు. కొవ్వు కారి భగ్గుమంది.

"మంట పడిందా ఫొటోలో? ఆగు, ఇంకో దుంగ వేస్తా!"

నెమెసియో ఏప్రన్ విప్పి, మడిచి, ఆయన చేతికిచ్చాడు. "కానివ్వండి డాక్టర్ గారూ. నిప్పు ఇక మీది."

"ఎంత గౌరవం!" అని పొంగిపోయారాయన.

"ఒరేయ్, అక్కడ కాలిపోతున్నది నీ కొట్టురా!" అని గొణిగింది పెద్దమ్మ. "వెళ్ళి ఆ కడ్డీ లాక్కో."

"ఎలా లాక్కోను పెద్దమ్మా? ఆయన ముట్టుకున్నాడుగా."

మాంసం వడ్డించారు. పైన బొగ్గు, లోపల పచ్చి నెత్తురు. ఉపమంత్రిగారు తొలి ముక్క నోట్లో పెట్టుకుని, నవ్వుతూనే దాన్ని చేతిరుమాల్లోకి బదిలీ చేశారు. మేమెవ్వరం ముట్టుకోలేదు. కానీ కాల్చినవాడికి చప్పట్లు కొట్టకుండా మా ఊళ్ళో భోజనం నుంచి లేవకూడదు. అందరం కొట్టాం. అందరికన్నా గట్టిగా నెమెసియో కొట్టాడు.

చప్పట్లు ఆగాక ఆయన నిండుగా ఉన్న మా పళ్ళేలను ఒక్కొక్కటే చూశారు. "ఎవరూ తినలేదేం?"

"ఆకలి లేదండీ," అన్నాను. ఇంటికొచ్చిన అతిథి వంటకి వంక పెడతామా?

ఆయన కళ్ళు చెమర్చాయి. "ఉచితంగా వడ్డించినా మాంసం ముట్టని ప్రజలు! మినహాయింపు ఇచ్చి మిమ్మల్ని అవమానించలేను. ఈ ఊరిని శాకాహార ఆదర్శ పట్టణంగా ప్రకటిస్తున్నాను!"

సంతకం పడకుండానే సభ ముగిసింది. నేను నెమెసియో వెంట కొట్టుదాకా నడిచాను. అతను షట్టరు దించి తాళం వేస్తుండగా సర్కారు కారు వచ్చి ఆగింది. అద్దం కాస్త దిగింది. లోపల ఉపమంత్రిగారు ఒక్కరే ఉన్నారు.

"ఏమయ్యా," అన్నారు గొంతు తగ్గించి, "పొద్దుట్నుంచి ఖాళీ కడుపు. మంచి పక్కటెముకలు ఉంటే గబగబా కొట్టివ్వు. ఇంటికి తీసుకెళ్ళి కాల్పించుకుంటా."

నెమెసియో తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"క్షమించాలి డాక్టర్ గారూ. ఈ ఊళ్ళో మాంసం ఎవరూ తినరండీ."