వాషింగ్టన్ చంకలో ఫ్లాస్కు

గాలివాన వంటింటి రేకులను ఎత్తుకుపోయి బ్రెజిల్ సరిహద్దు దాటించిన నాలుగో రోజు పొద్దున, నెలిదా మొగుడి చేతిలో డబ్బు పెట్టింది.

"ఇవి రేకులకి. సాయంత్రానికి కప్పు పడకపోతే దురాస్నోలో మా అక్క దగ్గరికి పోతా. ఈసారి తిరిగి రాను, చెప్తున్నా."

"ఎంతసేపే, ఇలా వెళ్ళి అలా వస్తా," అన్నాడు వాషింగ్టన్ ఒలివేరా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. చేతిలో మాతే కషాయం బుర్ర, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు. ఆ ఉరుగ్వే ఊళ్ళో చంకన ఫ్లాస్కు ఉన్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. లేనివాణ్ణే ఆపి, ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు.

రేకుల కొట్టు తొమ్మిదికి తెరుస్తారు. పక్కనున్న క్యాసినో ఎనిమిదికే తెరుస్తారు. ఆ గంటే కొంప ముంచింది. ఆరేళ్ళుగా తనను పిప్పి చేస్తున్న, మూలనున్న జూదపు యంత్రం ముందు కూర్చుని, రేకులతోపాటు ఒక కిటికీ కూడా కొందామని ఆశపడ్డాడు. ఎనిమిదీ యాభైకి ఆఖరి నాణెం వేసి మీట లాగాడు. అంతలో నేల మీద ఎవరో పారేసుకున్న నాణెం కనబడింది. తీద్దామని వంగితే చంకలో ఫ్లాస్కు కూడా వంగింది. మరిగే నీళ్ళు యంత్రం నోట్లోకి గడగడా దిగాయి.

యంత్రం మొదట తుమ్మింది. తర్వాత పొగ వదిలింది. ఆ తర్వాత ఊళ్ళో కుక్కలన్నీ శ్రుతి కలిపేలా గంటలు మోగించి, నాలుగు కోట్ల ముప్పై లక్షల పెసోలు గెలిచావని చూపించింది.

మేనేజరు బెర్ముదెస్ పరిగెత్తుకొచ్చాడు. "యంత్రం చెడిపోయింది. చెడిన యంత్రం మీద గెలుపు చెల్లదు. బోర్డు చూళ్ళేదా?"

బోర్డు పూలకుండీ వెనక, ఆవగింజంత అక్షరాల్లో ఉంది.

"నా డబ్బు మింగినప్పుడు బాగానే ఉందిగా!"

"కోర్టులో చెప్పుకో పో."

చెప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం, "రేకుల ధర తగ్గుతుందట, ఆగుదాం," అన్నాడు. మూడు వారాలు నెలిదా గొడుగు కిందే వంట చేసింది. ఈలోగా ఊరు అతణ్ణి కోటీశ్వరుణ్ణి చేసేసింది. మంగలి ఊరికే గడ్డం గీశాడు. ముగ్గురు పసిపిల్లలకు వాషింగ్టన్ అని పేరు పెట్టారు, అందులో ఒకతె ఆడపిల్ల. విచారణ రోజు పొద్దున, రొట్టెల కొట్లో, సంగతి నెలిదా చెవిన పడింది.

కోర్టులో యంత్రాన్ని కూడా నిలబెట్టి, కరెంటు తీగ తగిలించారు. మాతే పీలుస్తున్న జడ్జిగారి ముందు బెర్ముదెస్ రిపేరు పుస్తకం తెరిచాడు. "జడ్జిగారూ, ఇది ఆరేళ్ళుగా చెడిపోయే ఉందండి. రాసుంది చూడండి."

వెనక వరసలోంచి నెలిదా లేచింది. చేతిలో బట్టల పెట్టె. వాషింగ్టన్ బల్ల కిందికి జారబోయాడు.

"ఆరేళ్ళా బాబూ?"

"అక్షరాలా ఆరేళ్ళమ్మా."

"చెడినదాని మీద గెలుపు చెల్లదంటివి. మరి ఓటమి ఎట్లా చెల్లింది?"

జడ్జిగారి మాతే గొట్టం గురగురమన్నది. అప్పుడు మందుల కొట్టాయన లేచాడు. "నా పద్దెనిమిది వేలు!" పోస్టుమాస్టరు లేచాడు. చివరికి ఫాదర్‌గారు కూడా, "నాది కాదు, ఒక స్నేహితుడిది," అంటూ లేచారు.

"అయ్యయ్యో, కాదు కాదు, నిక్షేపంలాంటి యంత్రం!" అని అరిచాడు బెర్ముదెస్.

"నిక్షేపంగా ఉంటే ఆయన నాలుగు కోట్లూ కట్టు. చెడిందైతే ఊరందరికీ కట్టు. ఏదో ఒకటి తేల్చవయ్యా," అన్నారు జడ్జిగారు.

వాషింగ్టన్ ఆనందం పట్టలేక యంత్రాన్ని ముద్దు పెట్టుకోవడానికి వంగాడు. ఫ్లాస్కు కూడా వంగింది.

యంత్రం తుమ్మింది. పొగ వదిలింది. నాలుగు కోట్ల ముప్పై లక్షలు.

జడ్జిగారు ఫ్లాస్కు వైపు చూశారు. వాషింగ్టన్ కూడా, అదెవరిదో అన్నట్టు, చూశాడు.

గెలుపు కొట్టేశారు. రిపేరు పుస్తకాన్ని మాత్రం ఎవరూ కొట్టేయలేకపోయారు. అందరి ఓటములూ తిరిగివ్వాలని తీర్పు. క్యాసినోలో అంత డబ్బు లేదు. జనం కుర్చీలు, దీపాలు, పూలకుండీ కూడా పట్టుకుపోయారు. నెలిదా తలెత్తి చూసి, "మాకు పైకప్పు చాలు," అన్నది.

ఆ సాయంత్రమే క్యాసినో రేకులు ఊడదీసి వంటింటి మీద వేశారు, పెట్టె విప్పారు. మొదటి వానకే కప్పు ఒకచోట కారింది. దావా వేద్దామంటే క్యాసినో లేదు కనుక, నెలిదా అక్కడ మొగుడి ఫ్లాస్కు మూత తీసి పెట్టింది.