బోణీకి ముందు సవరణ

దేశ రాజ్యాంగమంతటి వస్తువును మార్చడానికి లోకంలో రెండే మార్గాలున్నాయి. ఒకటి, మూడింట రెండొంతుల మంది చేతులెత్తడం. రెండోది, ఎవరూ నోరెత్తకపోవడం. డెబ్బై ఆరులో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, ఢిల్లీలో ఈ రెండూ ఒకేసారి జరిగాయి. ఆ ముచ్చట చూసి బళేపేట గాజుల వర్తకుల సంఘం తనకూ ఒక రాజ్యాంగం ఉందని గుర్తు తెచ్చుకుంది. (అంతవరకూ ఆ పుస్తకం అధ్యక్షులవారి అంగట్లో కుంటి బల్ల కాలికి ఎత్తుగా ఉండేది.)

బళేపేటలో గాజులు అమ్మే ఎవరైనా సభ్యులేనని అందులో మొదటి నిబంధన. ఏటా జరిగే కరగ జాతరలో అంగడి పెట్టుకునే చోటు సభ్యులకే. సొన్నమ్మ భర్త పోయాక గాజుల అంగడి ఆమే నడుపుతోంది. కరగ అమ్మకం లేకపోతే ఆ ఇంట్లో ఏడాది తిండికి కటకటే. అందుకని ఒక సాయంత్రం అధ్యక్షుడు వెంకటరాయప్పను సభ్యత్వం అడిగింది.

“నిబంధనలో నీకేమీ అడ్డం లేదమ్మా,” అన్నాడాయన దయగా. “ఆనవాయితీయే లేదు. ఆడవాళ్ళు సంఘంలో ఎప్పుడుండారు?”

“అయితే నిబంధన మార్చండన్నా.”

“అడ్డమే లేని నిబంధనను ఏమని మార్చేదమ్మా? రాజ్యాంగంతో ఆటలా?”

రాజ్యాంగం అనే మాట వినగానే కార్యదర్శి చిక్కమునియప్ప లేచి నిలబడ్డాడు. (ఆ ఏడు దేనికైనా లేచి నిలబడటం ఒంటికి మంచిదని అందరికీ తెలుసు.)

సొన్నమ్మ ఇంటికి పోయి కుమిలి కుమిలి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే అంగడి తీసి ఊదుబత్తి వెలిగిస్తుంటే ఒకామె వచ్చి ఎర్ర గాజులు కావాలంది. అంగట్లో ఎర్రవి ఒక్కటీ లేవు.

“వస్తాయక్కా, కూర్చో. అంతలోకి ఈ పచ్చవి చూస్తా ఉండు,” అంది సొన్నమ్మ.

బోణీ కాకముందు లేదు, కాదు అనే మాటలు నోట రావడం బళేపేటలో మహాపాపం. అన్నవాడు ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే. పచ్చ గాజులు తొడుగుతున్న సొన్నమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. సంఘం సభ కూడా నెలనెలా పొద్దున్నే, అంగళ్ళు తెరవకముందే జరుగుతుంది కదా!

ఆ నెల సభకు అందరికన్నా ముందు వెళ్ళి, భర్త కూర్చునే కుర్చీలో కూర్చుంది.

“ఏమన్నా, కూర్చోవచ్చునా?”

వెంకటరాయప్ప నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. “కూర్చొనే ఉండావు కదమ్మా.”

“కరగలో మా ఆయన చోటు ఇంక నాకే కదా?”

చిక్కమునియప్ప పైకప్పు వైపు చూశాడు. మిగతావాళ్ళు దగ్గారు. దగ్గును అభ్యంతరంగా పరిగణించే నిబంధన లేదు కనుక ఏకగ్రీవమని రాసుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన కరగలో ఆమె చోటు ఆమెకు దక్కింది. తర్వాత ఒక పొద్దున ఉపాధ్యక్షురాలైంది, ఇంకో పొద్దున అధ్యక్షురాలైంది. రాజ్యాంగంలో అప్పటికి ఒక్క అక్షరమూ మారలేదు. ఢిల్లీలో దిద్దినవాటిలో చాలావాటిని ఈలోగా మళ్ళీ దిద్దారు. బళేపేటకు ఆ శ్రమ తప్పింది.

ఎనభై రెండులో, బుట్టలో గాజులు పెట్టుకొని వీధుల్లో అమ్మే అక్కయమ్మ ఒకరోజు పొద్దున్నే సొన్నమ్మ అంగడికి వచ్చింది. ఊదుబత్తి ఇంకా వెలిగించలేదు.

“అక్కా, గాజులు అమ్మే ఎవరైనా సభ్యులేనంట కదా. కరగలో నాకూ ఇంత చోటిస్తారా?”

ఆ గొంతు సొన్నమ్మకు బాగా తెలిసిన గొంతే, ఒకప్పుడు వెంకటరాయప్పను అడిగిన తన గొంతే. అయినా తమాయించుకుని నవ్వింది.

“ఎందుకివ్వము చెల్లీ? సాయంత్రం సభకొచ్చి అడుగు.”

“సభ పొద్దున కదక్కా?”

“సాయంత్రానికి మార్చినామమ్మా. బోణీలు అయిపోయి అందరూ నింపాదిగా ఉంటారు.”

సంఘం రాజ్యాంగానికి జరిగిన ఒకే ఒక్క అధికారిక సవరణ అది. దాన్ని అధ్యక్షురాలు అంతకుముందే, ఆఖరి పొద్దున సభలో ప్రవేశపెట్టింది. ఎవరూ కాదనలేదు.