మూడో డివిజన్‌లో నష్టంగా లచ్చన్న

నష్టపోవడం ఎవరికైనా చేతనవుతుంది గానీ, నష్టపోయామని రుజువు చేయడం మహామహులకే సాధ్యం. 1986లో బహ్రెయిన్‌లో పెద్ద స్టేడియం గడ్డికి జబ్బు చేసినప్పుడు ఈ సత్యం అక్కడి శివారు పేట సల్మాబాద్ దాకా పాకింది. గడ్డి కోలుకునే వరకు ఫుట్‌బాల్ సీజన్ మొత్తం బంద్ అని ఉత్తర్వు వచ్చింది. (మూడో డివిజన్ క్లబ్బులకు గడ్డే లేదు, ఉన్నదంతా ఇసుకే. అయినా చట్టం ముందు గడ్డీ ఇసుకా సమానమే.)

సల్మాబాద్ గ్యారేజీల వెనక సబ్ర్ క్లబ్బులో లచ్చన్న మైదానం మనిషి. ఇసుక మీద నీళ్లు చల్లడం, సున్నంతో గీతలు గీయడం, జెర్సీలు ఉతకడం అతని డ్యూటీ. జగిత్యాల వైపు నుంచి వచ్చి రెండేళ్లయింది. ఆట ఆగితే తన నౌకరీ ఊడుతుందేమోనని అతనికి ముద్ద దిగడం లేదు. అందుకే ఆట లేకపోయినా రోజూ పొద్దున్నే గీతలు గీసేవాడు. మధ్యాహ్నం గాలి వచ్చి తుడిచేసేది. ఇద్దరిలో ఎవరూ ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

ఇంతలో సీజన్ నిలుపుదల నష్ట నిర్ధారణ విభాగమని ఒకటి పుట్టింది. నష్టపోయిన క్లబ్బులకు పరిహారమిస్తారట. దరఖాస్తు నాలుగు ప్రతులు. (నాలుగోది, మొదటి మూడూ పోయాయని తెలియజేయడానికి.) క్లబ్బు గుమాస్తా ఎలియేజరు, అమలాపురం మనిషి, లెక్క కట్టి తెల్లబోయాడు. మ్యాచు జరిగితే రెఫరీకి ఖర్చు, బస్సుకు ఖర్చు. చూడటానికి వచ్చేది పదకొండు మంది. అందులో తొమ్మిది మంది గోల్‌కీపర్ చుట్టాలు, వాళ్లకు టికెట్ లేదు. ఆట ఆగిపోయేసరికి క్లబ్బు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఖర్చు తప్పి నాలుగు డబ్బులు వెనకేసింది.

"కొంప మునిగింది లచ్చన్నా! లాభం వచ్చేసింది."

"లాభమొస్తె మంచిదే గద సారూ?"

"లాభమున్నోళ్లకి పరిహారం ఎవడిస్తాడయ్యా?"

సెక్రటరీ యూసఫ్ తల పట్టుకుని, ఎక్కడున్నా సరే ఒక నష్టాన్ని పట్టుకురమ్మన్నాడు. గోదాము వెతికారు, బీరువా వెనక వెతికారు. చిరిగిన వల దొరికింది గానీ అది నిరుడే చిరిగింది.

చివరికి విభాగం అధికారి రానే వచ్చాడు. ఎండలో ఒంటరిగా పెనాల్టీ గీత గీస్తున్న లచ్చన్నను చూసి, "ఆట లేనప్పుడు ఇతనికి జీతమెందుకు?" అన్నాడు.

ఎలియేజరు లచ్చన్న వైపు వేలు చూపి, "అదేనండి నష్టం," అన్నాడు.

అధికారి ముఖం వెలిగిపోయింది. లచ్చన్న చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నష్టం నిజమేనని ముద్ర వేశాడు.

"అయితె నా నౌకరి పోదా సారూ?"

"పోవడమేంటయ్యా! నువ్వు లేకపోతే క్లబ్బుకి నష్టమే లేదు. కదలకు!"

ఇక లచ్చన్న దశ తిరిగింది. నష్టానికి ఎండ తగలకూడదని నీడలో కుర్చీ వేశారు. నష్టం పెరగాలని ఓవర్‌టైం రాశారు. (కాగితం మీదే.) సనాబిస్ క్లబ్బువాళ్లు తమకు సొంత నష్టం లేక, వారం రోజులకు ఇతన్ని అడిగి పట్టుకెళ్లారు. బంతి తన్నని మనిషి అరువు మీద వేరే క్లబ్బుకు వెళ్లడం మూడో డివిజన్‌లో అదే మొదలు. లచ్చన్న సంతోషం పట్టలేక భార్యకు క్యాసెట్‌లో మాటలు నింపి పంపాడు. "గౌరవ్వా, దుబాయిల నా నౌకరి పక్కా అయింది. నన్ను నష్టం జేసిండ్రు. ప్రమోషనే అనుకో." (జగిత్యాల వైపు గల్ఫు అంతా దుబాయే.)

నాలుగు నెలలకు గడ్డి కోలుకుంది, పరిహారం వచ్చింది. దాంతోపాటే ఒక ఉత్తర్వు: నష్టం పూర్తిగా భర్తీ అయినందున, సదరు నష్టం ఇకపై క్లబ్బులో కనిపించరాదు.

"ఖలాస్," అన్నాడు యూసఫ్, అతని ముఖం చూడలేక.

"రేపు మ్యాచున్నది గద సారూ. గీతలెవలు గీస్తరు?" అన్నాడు లచ్చన్న. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో చోట పని దొరకడానికైనా పనికొస్తుందని, ఒక సర్టిఫికెట్ ఇప్పించమని అడిగాడు.

ఎలియేజరు ఫైలంతా తిరగేశాడు. గీతల సంగతి, జెర్సీల సంగతి అందులో ఎక్కడా లేవు. ఉన్నది ఉన్నట్టుగా టైపు చేసి, ముద్ర కొట్టించి, చేతిలో పెట్టాడు:

"లచ్చన్న అను ఇతడు మావద్ద నాలుగు నెలలు నష్టముగా పనిచేసెను. ప్రవర్తన సంతృప్తికరము. ఎక్కడ చేరినను ఇట్లే రాణించగలడని ఆశించుచున్నాము."