బావికి ప్రేమ మంజూరైన విధం

లోకంలోని వ్యవస్థలన్నింటిలోకీ అత్యంత న్యాయమైనది వీడియో గేముల్లోని ప్రేమ. బయట మనిషిని మనిషి ఎందుకు ఇష్టపడతాడో ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆటలో ఆ అయోమయం లేదు. కమ్మరి పిల్లకు పాత గుర్రపు నాడాలు ఇవ్వాలి, ఆమె చిన్ననాటి కష్టాలు ఓపికగా వినాలి, ఊరి బయట తిరిగే తోడేలును చంపి రావాలి. ఆ తరువాత ఆమె ప్రేమించి తీరుతుంది. ప్రేమించకపోతే అది లోపం. ఆ లోపాన్ని పట్టుకోవడానికి ఒక ఆఫీసు, అందులో అనురాగ విభాగం, ఆ విభాగానికి ఒక అధిపతి, ఆయన కింద జీతం తీసుకుని ప్రేమించే ఒక ఉద్యోగి ఉంటారు.

ఆ ఉద్యోగిని ఆఫీసులో అందరూ నిదానం అని పిలిచేవారు. (నిదానమే ప్రధానం అని సగంమంది, ఆలస్యం అమృతం విషం అని మిగతా సగంమంది. పేరు మాత్రం ఒకటే.) అతని హోదా ప్రణయ పరీక్షకుడు. ఆట బజారుకు వెళ్ళేలోగా అందులో ఉన్న ప్రతివారినీ అన్ని విధాలా ప్రేమించి చూడటం అతని పని. పొద్దున కమ్మరి పిల్లకు నాడాలు ఇచ్చేవాడు. భోజనం తరువాత అదే పిల్లను అవమానించి, నియమం ప్రకారం బాధపడిందో లేదో చూసేవాడు. సాయంత్రానికి క్షమాపణ చెప్పుకుని పెళ్ళాడేవాడు. మర్నాడు వచ్చి అంతా చెరిపేసి, తమరెవరని మళ్ళీ మొదలుపెట్టేవాడు. బయట ఇలా చేస్తే నాలుగు తంతారు. ఇక్కడ మంచి ఉద్యోగి అన్నారు.

విభాగం గోడ మీద ఒక సూత్రం పెద్ద అక్షరాలతో ఉండేది: "ముందు నమోదు, తరువాత ఆశ్చర్యం." దానికి ఒక చరిత్ర ఉంది. వెనకటికి ఒక పరీక్షకుడు, ఆటలో మిల్లు నడిపే ముసలావిడ చెప్పిన మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ మాట అక్కడ ఉండకూడదని నమోదు చేయడం మరిచిపోయాడు. ఆట అలాగే బయటికి వెళ్ళింది. కొన్నవాళ్ళందరూ ఏడ్చారు, ఏడ్చి డబ్బు వెనక్కి అడిగారు. అప్పటి నుంచి ప్రతి పరీక్షకుడి కీబోర్డులో ఒక ఎర్ర మీట అమర్చారు. అనుకోనిది ఏది జరిగినా ముందు అది నొక్కాలి. నొక్కగానే ఆట అక్కడికక్కడే ఆగిపోయి, మూటగట్టుకుని దిద్దుబాటు శాఖకు వెళ్ళిపోతుంది. నిదానం అన్ని పనుల్లోనూ నిదానమే గానీ, ఎర్ర మీట దగ్గర మాత్రం అతని వేలు మెరుపు.

అతని పక్కన, అట్టగోడకు అవతల, మాటల రచయిత్రి కూర్చునేది. కమ్మరి పిల్ల మొదలు రాజుగారి నాయనమ్మ దాకా ఆటలో అందరి మాటలూ ఆమె రాసినవే. నటీనటులు వచ్చేదాకా తాత్కాలికంగా గొంతు కూడా ఆమెదే. కాబట్టి నిదానాన్ని రోజంతా ప్రేమించేది ఆమె మాటలే, ఆమె గొంతే. అసలు మనిషి మాత్రం అట్టగోడ అవతల పెన్ను కొరుకుతూ ఉండేది. టీ మిషన్ దగ్గర ఇద్దరూ కలిసేవారు. కప్పు నిండేదాకా మాట్లాడుకునేవారు, నిండాక ఎవరి కప్పు వారు పట్టుకుని వచ్చేసేవారు.

దాచడమెందుకు, అతనికి ఆమె అంటే ఇష్టం. పీకలదాకా ఇష్టం. కానీ ఆటలో అయితే ఎదుటివారి తల మీద ఒక చిన్న గుండె బొమ్మ ఉంటుంది, మనమీద ఎంత ప్రేమ పెరిగితే అంత నిండుతుంది. రచయిత్రి తల మీద ఒక క్లిప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. ఏ ఆధారంతో ముందుకు వెళ్ళాలో అతనికి తోచలేదు.

ఈలోగా విభాగంలో సంస్కరణలు మొదలయ్యాయి. నాడాలన్నీ ఇచ్చినా కమ్మరి పిల్ల ఇంకా తన పని తను చేసుకుంటోందని ఒక ఆటగాడు ఫిర్యాదు చేశాడు. అధిపతి సమావేశం పెట్టి, కాదనడం అనేది వినియోగదారుడి అనుభవానికి భంగమని తేల్చారు. ఆటలో 'కాదు' అనే జవాబులన్నీ తీసేశారు. తరువాత 'ఆలోచించుకుని చెబుతాను'ను తీసేశారు. ఆ తరువాత, పెద్ద పాత్రలు మాత్రమే ప్రేమకు అర్హులు కావడం వివక్ష అని ఇంకొక ఫిర్యాదు వచ్చింది. టోలు వసూలు చేసేవాడికీ, రాజుగారి నాయనమ్మకూ, చివరికి ఎలుగుబంటికీ ప్రేమార్హత కల్పించారు. ఎలుగుబంటి అంగీకారం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నపై ఉపసంఘం వేశారు. ఒప్పుకుంటే ఎలుగుబంటి రెండు కాళ్ళ మీద లేస్తుందని ఉపసంఘం నివేదించింది. (కోపమొచ్చినా అలాగే లేస్తుంది. ఆ తేడా ఆటగాడి విచక్షణకు వదిలేశారు.)

ఈ గొడవలో రచయిత్రి ఒకే ఒక్క కోరిక కోరింది. ఆటగాడు మాట్లాడటానికి ఇచ్చే ఆప్షన్లలో పొగడ్త ఉంది, పరిహాసం ఉంది, బహుమతి ఉంది, బడాయి ఉంది. వీటితోపాటు 'మీకేం కావాలి?' అని ఒక ప్రశ్న కూడా పెడదామంది. అధిపతి సానుభూతితో విన్నారు. ఆ ప్రశ్న అడిగితే అవతలివారు ఏదో ఒకటి చెబుతారనీ, చెప్పాక ఆటగాడు దాన్ని గుర్తుపెట్టుకోవాలనీ, ఆడుకోవడానికి వచ్చినవాడి మీద అంత బరువు మోపడం భావ్యం కాదనీ చెప్పి పంపించారు. ఆ రోజు టీ మిషన్ దగ్గర ఆమె ఈ సంగతి నిదానానికి చెప్పింది. మంచి ప్రశ్న అని అతను మనసారా అన్నాడు. అంతలో కప్పు నిండింది.

ఆ తరువాత వచ్చిన ఫిర్యాదుదారు, ఊరి మధ్య ఉన్న బావిని ప్రేమించే అవకాశం ఎందుకు లేదని అడిగాడు. నవ్వి ఊరుకోవలసిన మాటే. కానీ నవ్వి ఊరుకునే అధికారం విభాగంలో ఎవరికీ లేదు. బావికి ప్రేమ మంజూరైంది. ఆటగాడు మైకులో ఏమంటే బావి అదే తిరిగి అంటుంది, అతని గొంతుతోనే, కాస్త లోతుగా. బహుమతిగా రాళ్ళు వేయవచ్చు.

దాన్ని కొంతమంది ఆటగాళ్ళకు ఇచ్చి అభిప్రాయం అడిగితే ఆఫీసంతా నివ్వెరపోయింది. ఇంత అర్థం చేసుకునేవాళ్ళు తమకు జీవితంలో తారసపడలేదని వాళ్ళన్నారు. మాట కలుస్తుందన్నారు. ఒకాయన బావితో తన ఆఫీసు రాజకీయాలన్నీ చెప్పుకుని, అది ప్రతి విషయంలోనూ తనతో ఏకీభవించిందని పొంగిపోయాడు. కమ్మరి పిల్ల రెండో స్థానానికి, ఎలుగుబంటి మూడో స్థానానికి పడిపోయాయి.

అధిపతి లెక్క సులువుగా తేలింది. బావికి మాటలు రాయనక్కరలేదు. ఇకమీదట పాత్రలన్నీ బావి పద్ధతిలోనే నడుస్తాయన్నారు. రచయిత్రి సేవలకు కృతజ్ఞతలు చెప్పి, వారాంతానికి బల్ల ఖాళీ చేయమన్నారు.

నిదానం ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి, అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. బావగారికి మేకులు, బోల్టులు, తలుపు బందులు అమ్మే కొట్టు ఉంది. ఆయన తినేటప్పుడు మాట్లాడరు. అక్క మాత్రం తినేటప్పుడు తప్ప మాట్లాడటానికి తీరిక లేని మనిషి.

"ఆ అమ్మాయితో మాట్లాడావా లేదా?"

"ఇంకా లేదక్కా. నా మీద ఆమె ఆమోదం ఎంతవరకు వచ్చిందో తెలియట్లేదు."

"ఆమోదమేంట్రా, ఆమేమన్నా మునిసిపాలిటీనా? మీ బావ నాతో అన్న మొదటి మాటేంటో తెలుసా? మీకేం కావాలండీ అన్నారు. తలుపు బందులు కావాలన్నాను."

"బావ కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళనీ అదే అడుగుతారు కదా."

"అడుగుతారు. కానీ నేను చెప్పేదాకా ఆగి, చెప్పింది చివరిదాకా విన్నారు. ఎవరు వింటారురా ఈ రోజుల్లో? అడగందే అమ్మయినా పెట్టదు. వెళ్ళి అడుగు."

"ఆ బందులు ఇప్పటికీ కిర్రుమనలేదు," అన్నారు బావగారు, పెరుగు కలుపుకుంటూ. ఆ ఇంట్లో దాంపత్యం గురించి ఆయన చేసిన ప్రసంగాలన్నింటిలోకీ అదే పెద్దది.

ఆమె ఆఖరి రోజున, శుక్రవారం, నిదానం పాత సామాన్ల బజారంతా గాలించి ఒక నిజమైన గుర్రపు నాడా కొన్నాడు. తుడిచి, కాగితంలో చుట్టి తెచ్చాడు. రచయిత్రి అట్టపెట్టెలో కప్పు, పెన్నులు సర్దుకుంటోంది. పొట్లం విప్పి చూసి ఆమె చాలాసేపు నవ్వింది. నేను రాసిన లంచం నాకే ఇస్తున్నారా అంది. అతను అలవాటు కొద్దీ ఆమె తల పైకి చూశాడు. క్లిప్పే ఉంది. ఆమె నాడా చేత్తో పట్టుకుని, అతనేదో అంటాడని నిలబడింది. అక్క చెప్పిన ప్రశ్న నోటిదాకా వచ్చి, గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడింది. ఆటలో ప్రతి సంభాషణకూ అడుగున ఒక ఆప్షన్ ఉంటుంది, ఏమీ తోచనివాడు అదే నొక్కి బయటపడతాడు. అతని నోట అదే వచ్చింది.

"సరే, మళ్ళీ కలుద్దాం."

"సరే," అందామె. పెట్టె ఎత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. "ఆ బావిని మాత్రం మీరే పరీక్షించండి. పైపైన కాదు, మీ పద్ధతిలో, నిదానంగా."

సోమవారం పొద్దున అతను బావి ముందు కూర్చున్నాడు. పొగిడాడు, బావి పొగిడింది. తిట్టాడు, తిట్టింది. రాయి వేశాడు, బుడుంగుమంది. అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి. అట్టగోడ అవతల ఎవరూ లేరు. శుక్రవారం నుంచి గొంతులోనే ఉండిపోయిన ప్రశ్న ఇప్పుడు, వినేవాళ్ళెవరూ లేనప్పుడు, వెన్నలా జారి వచ్చింది.

"మీకేం కావాలండీ?"

బావి తిరిగి పలకలేదు. లోపలి నుంచి ఆమె గొంతు వచ్చింది.

"అమ్మయ్య, అడిగారా నిదానంగారూ. ఒక టీ కావాలి. ఆ మిషన్ దగ్గర నిలబడి కాదు, ఎక్కడైనా కూర్చుని, చల్లారేదాకా. ఇదిగో నా ఫోన్ నంబరు చెబుతున్నాను, రాసుకోండి. తొమ్మిది..."

ఆశ్చర్యపోయాడు. కానీ అతను ఆశ్చర్యపోయేలోగా వేలు ఎర్ర మీట నొక్కేసింది.

ఆట ఆగిపోయింది, మూటగట్టుకుని వెళ్ళిపోయింది. అతను లేచి దిద్దుబాటు శాఖకు పరుగెత్తాడు. దిద్దుబాటు శాఖ ఆలస్యానికి పేరుమోసింది. ఎలుగుబంటికి ఒక చెవి లేదన్న ఫిర్యాదు వాళ్ళ దగ్గర ఏళ్ళుగా మురుగుతోంది. అదే అతని ధైర్యం. కానీ "బావి సొంతంగా కోరుతోంది" అని తెర మీద కనబడగానే శాఖ మొత్తం టిఫిన్లు మానేసి కూర్చుందట. అతను మెట్లెక్కి పైకి చేరేసరికి లోపం సమూలంగా తొలగిపోయింది. సిబ్బంది వ్యవహారాల గదికి వెళ్ళి ఆమె నంబరు అడిగాడు. మాజీ ఉద్యోగుల వివరాలు చెప్పకూడదన్నారు. తొమ్మిది తరువాత ఏముందో అదొక్కటి చెప్పినా చాలన్నాడు. కుదరదన్నారు.

తిరిగి వచ్చి బావి ముందు కూర్చున్నాడు. మీకేం కావాలండీ అని మళ్ళీ అడిగాడు. కావాలండీ, కావాలండీ అంది బావి, అతని గొంతుతోనే, కాస్త లోతుగా.

సాయంత్రం అధిపతి అందరినీ పిలిచి, చప్పట్ల మధ్య అతనికి ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఈ లోపం మీరు తప్ప మరెవ్వరూ కనిపెట్టి ఉండేవారు కాదు అని దాని మీద రాసి ఉంది.