మామగారి పరువు, నా వ్యాను

మనిషి పరువు అతని సంపాదనలో ఉండదు, ఎదురింటివాళ్ళ కళ్ళలో ఉంటుంది! ఈ మహాసత్యాన్ని కనిపెట్టినవారు మా మామగారు. దాన్ని మోసేవాణ్ణి నేను.

మా ఆఫీసు మూతపడి, మేం అత్తవారింట్లో తలదాచుకున్నాక, సరుకులు ఇళ్ళకు చేర్చే వ్యాను నడిపే పని దొరికింది. తాత్కాలికం. నెలాఖరుదాకా ఒక్క ఫిర్యాదూ రాకపోతే పర్మనెంటు!

"చెయ్యండి అల్లుడుగారూ, కష్టపడితే తప్పేముంది?" అన్నారు మామగారు ఉదారంగా. "వీధికి మాత్రం తెలియకూడదు. ఎవరైనా అడిగితే పంపిణీ శాఖలో అధికారి అందాం."

అందుకని రోజూ ఇస్త్రీ చొక్కా, టైతో బయలుదేరేవాణ్ణి. పక్కవీధిలో ఆపిన వ్యానులోకి అధికారిగా ఎక్కి, డ్రైవరుగా దిగేవాణ్ణి.

నెలాఖరు దగ్గరపడుతుండగా ఎదురింటికే ఒక సోఫా కుర్చీ వచ్చిపడింది! చేర్చకపోతే ఉద్యోగం పోతుంది. టోపీ కళ్ళమీదికి లాక్కుని, ముక్కుకి మాస్కు కట్టుకుని, కుర్చీని నెత్తికెత్తుకున్నాను.

ఎదురింటాయన మా వరండాలోనే ఉన్నారు, మామగారి పక్కన.

"ఇదేంటండీ! ఆ డ్రైవరు అచ్చం మీ అల్లుడిలా ఉన్నాడు!"

మామగారు దిగ్గున లేచారు.

"మా అల్లుడా? ఆ వాలకమేంటి, ఆ నడకేంటి! ఏయ్, నిన్నే! మా గేటుకి అడ్డంగా బండి పెడతావా? నీ బాబుగాడి జాగా అనుకున్నావా?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. మా నాన్నను తలుచుకోవడమూ అదే మొదటిసారి. లోపల మా ఆవిడ చప్పుడు కాకుండా కిటికీ మూసేసింది.

వ్యాను వెనక 'మా డ్రైవరు తీరు నచ్చలేదా? ఫోన్ చేయండి' అని రాసి ఉంటుంది. దాన్ని చదివేవాడు ఉంటాడని కంపెనీకే నమ్మకం లేదు. మామగారు చదివారు. వీధి వీధంతా వినేలా ఫోనూ చేశారు!

సాయంత్రం నా వీపు తట్టారు.

"ఎలా ఉంది నా దెబ్బ? ఇక చచ్చినా ఎవరికీ అనుమానం రాదు!"

"ఉద్యోగంలోంచి తీసేశారండీ, మామయ్యగారూ."

"పోతే పోయింది! పరువు దక్కిందిగా!"

వారం తిరక్కుండానే ఎదురింటాయన మిఠాయి పొట్లంతో వచ్చారు.

"మావాడికి వ్యాను డ్రైవరు ఉద్యోగం వచ్చిందండీ! ఎవణ్ణో తీసేశారట, ఆ ఖాళీలో. రాగానే పర్మనెంటు!"

"శుభం! ఒళ్ళొంచి పనిచేసే కుర్రాడు, వాడు వజ్రమండీ!" అన్నారు మామగారు, మిఠాయి నోట్లో వేసుకుంటూ.

"మీ అల్లుడుగారు ఈమధ్య ఇంట్లోనే ఉంటున్నట్టున్నారే?"

మామగారు కాలుమీద కాలు వేసుకున్నారు.

"మావాడికేం ఖర్మండీ, ఒకరి కింద పనిచేయడానికి!"